మరణ పత్రంలో సెప్సిస్ పేరు రాయించండి

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను ఐసీయూ వైద్యుడిని. నా చేతులతో సంతకం చేసిన మరణ ధ్రువీకరణ పత్రాల గురించే ఈ లేఖ. వాటిలో చాలాచోట్ల మరణ కారణం ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని రాశాను. పోయిన ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది, అది కారణం ఎలా అవుతుంది? న్యుమోనియాతోనో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌తోనో వచ్చి, రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, కాలేయం వరుసగా దెబ్బతిని కన్నుమూసినవారు వాళ్లు. వాళ్ల ప్రాణం తీసింది సెప్సిస్. ఆ పేరు నేను రాయలేదు.

‘ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది’ అని బంధువులకు చెబుతుంటాం. అది పూర్తి నిజం కాదు. చాలామంది రోగుల రక్త పరీక్షలో ఏ క్రిమీ దొరకదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడవలసిన శరీర రక్షణ వ్యవస్థే అదుపు తప్పి, సొంత అవయవాలను దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తే అది సెప్సిస్. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఖరారు చేసిన నిర్వచనం ఇది. అంతకుముందు, 1991 నాటి కొలతలో, ఇన్ఫెక్షన్‌తో పాటు జ్వరం, నిమిషానికి 90 దాటిన నాడి వంటి నాలుగు గుర్తుల్లో రెండు ఉంటే చాలు. ఆ లెక్కన గట్టిగా ఫ్లూ జ్వరం వచ్చిన మనిషి కూడా సెప్సిస్ రోగే! ఒక ఆసుపత్రి పాత కొలతతో, మరొకటి కొత్త కొలతతో నమోదు చేస్తుంటే, ఆ రెండు అంకెలను కూడి మీ ముందు పెట్టే మొత్తానికి అర్థం ఏముంటుంది?

అంకెలు ఎంత మారిపోగలవో చూడండి. కొన్ని సంపన్న దేశాల ఆసుపత్రుల లెక్కల ఆధారంగా 2016లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో సెప్సిస్ మరణాలు ఏటా 53 లక్షలు. పేద దేశాలను, ఆసుపత్రి బయట పోయినవారిని కూడా కలిపి, మరణ పత్రాల్లోని కారణాలన్నింటినీ పరిశీలించిన అధ్యయనం 2020 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దాని ప్రకారం 2017లో 4.89 కోట్ల మందికి సెప్సిస్ రాగా, 1.1 కోట్ల మంది మరణించారు. అంటే ప్రతి 5 మరణాల్లో దాదాపు ఒకటి. రోగుల్లో 2 కోట్లకు పైగా ఐదేళ్లలోపు పిల్లలే. రెట్టింపయింది జబ్బు కాదు, మన చూపు.

మంత్రిగారూ, మరణ పత్రంలో తక్షణ కారణానికి ఒక గీత, దానికి దారితీసిన మూల కారణానికి కింద మరో గీత ఇప్పటికే ఉన్నాయి. గణాంకాల్లోకి ఎక్కేది ఆ కింది గీత ఒక్కటే. కాబట్టి నేను పై గీతలో సెప్సిస్ అని రాసినా, లెక్క న్యుమోనియా ఖాతాలోకే పోతుంది. పత్రంలోని కారణాలన్నింటినీ లెక్కించమని మీ గణాంక విభాగాన్ని ఆదేశించండి. అన్ని ఆసుపత్రులకూ 2016 నిర్వచనాన్నే ప్రమాణం చేయండి. పిల్లలకు 2024లో వచ్చిన ప్రత్యేక ప్రమాణాలను వాడించండి. అవయవాల పనితీరును కొలిచే రక్త పరీక్షలు లేని చిన్న ఆసుపత్రులకు ముందుగా వాటిని సమకూర్చండి. లేకపోతే ఆ నిర్వచనం వారికి కాగితం మీదే మిగులుతుంది.

ఇకపై నేను సంతకం చేసే పత్రాల్లో ఆ పేరు తప్పక ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవడం మీ చేతిలో ఉంది.

భవదీయుడు,
ఒక ఐసీయూ వైద్యుడు