కిడ్నీ రోగుల సహాయ సంఘం, తిరుపతి: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. రుయా, స్విమ్స్ ఆస్పత్రులకు పీలేరు, మదనపల్లె వైపు నుంచి వచ్చే రోగులకు తోడుండే పని ఎప్పటిలాగే సాగింది. రక్తదాతల జాబితా కొత్తగా రాయించాం. చెప్పుకోవలసింది మాత్రం మార్చి సభ గురించి.

మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. ఆ రోజు ఒక యూరాలజీ డాక్టరు, ఒక మత్తు డాక్టరు మన సభ్యుణ్నే బల్ల మీద పడుకోబెట్టి, పీసీఎన్‌ఎల్ ఆపరేషన్‌కు రోగిని ఎలా పడుకోబెడతారో చూపించారు. పెద్ద రాళ్లు తీయడానికి వీపు పక్క నుంచి కిడ్నీలోకి చిన్న దారి చేసే ఆపరేషన్ ఇది. మనలో చాలామందికి జరిగిందే, కానీ మనల్ని ఎలా పడుకోబెట్టారో మనకే తెలీదు!

పాత పద్ధతిలో మత్తిచ్చాక రోగిని బోర్లా తిప్పుతారు. ఆ తిప్పడంలోనే జాగ్రత్తంతా ఉంది. ఊపిరి గొట్టం జరగకూడదు, మెడ, భుజాలు మెలిపడకూడదు, కళ్ల మీద ఒత్తిడి పడకూడదు. పొట్ట నొక్కుకుంటే ఊపిరికి ఇబ్బంది కాబట్టి ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెడతారు. లావుపాటివాళ్లకు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకు టెన్షన్ ఇంకా ఎక్కువ.

వెల్లకిలా పడుకోబెట్టి చేసే పద్ధతిని 1980లలో స్పెయిన్ డాక్టరు వాల్దివియా వాడుకలోకి తెచ్చారు. ఇందులో తిప్పే పని లేదు, మత్తు డాక్టరుకు రోగి ముఖం అందుబాటులో ఉంటుంది. మూత్రనాళం నుంచి కూడా అదే సమయంలో పని చేయవచ్చు. దారి కిందికి వాలి ఉండటం వల్ల లోపలి నీళ్లు సులువుగా బయటికి పోతాయి, కిడ్నీలో ఒత్తిడి తగ్గుతుంది. అయితే కిడ్నీ ముందుకు జారుతుంది, పైభాగంలోని రాయిని అందుకోవడం కష్టం. ఎలా పడుకోబెట్టినా పక్కటెముకల పైనుంచి సూది వెళితే ఊపిరితిత్తి పొరకు ప్రమాదమే. పెద్దపేగు కిడ్నీ వెనక్కి వచ్చి ఉందేమో సీటీ స్కాన్‌లో ముందే చూసుకోవాలి.

ఏది మంచిదని మనవాళ్లు అడిగితే, చేసే డాక్టరుకు ఏది బాగా అలవాటో అది కూడా చూడాలన్నారు. నడుం వంపు, భుజం నొప్పి, ఆయాసం ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలని ఒక కరపత్రం వేయించాం.

ఆ సభకు పేర్లిచ్చిన వాలంటీర్లలో సగంమంది కూడా రాలేదు. కుర్చీలు మోసింది పెద్దవయసు సభ్యులే. హాలు ఇప్పిస్తామన్న అధికారి ఆ వారమంతా ఫోనెత్తలేదు. చివరికి కళ్యాణ మండపం ఇచ్చిన దాతకు, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు, ఇద్దరు డాక్టర్లకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

జమాఖర్చులు ఆడిటరు చూసి సంతకం పెట్టారు, పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

ఓపీ దగ్గర కరపత్రాలు పంచడానికి మనుషులు కావాలి. నిజంగా రాగలిగినవాళ్లే పేర్లు రాయించండి. చందా బాకీ ఉన్నవారు ఈ రోజే కోశాధికారికి కట్టి రసీదు తీసుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి