ఇంగ్లిష్ ముందు చెవిన పడాలి

సంపాదకులు గారికి,

తెలంగాణ సర్కారు బడులన్నిటిలో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది. మా దేవరకొండ వైపు పిల్లలు పాఠం గడగడా చదువుతున్నారు గానీ, ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే బిక్కమొహం వేస్తున్నారు. వినే అలవాటే లేకపోతే మాట ఎట్లా వస్తుంది?

బీబీసీ వాళ్ల 'సిక్స్ మినిట్ ఇంగ్లిష్' పాడ్‌కాస్ట్ ఉచితం, రాతప్రతి కూడా దొరుకుతుంది. మొదట ఉత్తగా వినిపించి, తర్వాత రాత చూస్తూ మళ్లీ వినిపించాలి. 'వాట్ డూ యూ' అన్నది మాటల వేగంలో 'వాడ్యూ' అయిపోవడం అప్పుడే పిల్లలకు పట్టుబడుతుంది. చిన్న తరగతులకు ఇది కష్టమే, హైస్కూలు పిల్లలకు బాగుంటుంది. సెల్‌ఫోన్, చిన్న స్పీకర్ చాలు. సిగ్నల్ అందని తండాల బడులకు టీచర్లు ముందే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లొచ్చు. నల్లగొండ జిల్లా విద్యాశాఖ ఇందుకు వారానికి రెండు పీరియడ్లయినా కేటాయించాలి.

- ఒక విద్యార్థి తండ్రి, దేవరకొండ