ఆ అన్నయ్యగారికి, మా నాన్నగారి తరఫున

మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. ఇల్లు చేరితే మళ్లీ ఆఫీసు, పిల్లలు, పరుగులు. నాన్నగారి ఇంట్లో మమ్మల్ని ఆదుకున్న ఒక అన్నయ్యగారికి ధన్యవాదాలు రాయకుండానే ఉండిపోతానేమోనని తెనాలి నుంచి వెనక్కి వస్తూ రైల్లోనే రాస్తున్నాను.

నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి ఎనిమిదేళ్లు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. తెనాలి ఇంట్లో ఆయనా, అమ్మా ఇద్దరే. అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. అందుకే మూడేళ్ల కిందట ఇంట్లో నాలుగు కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఒకటి పెట్టించాం. మియాపూర్‌లో పడుకున్నా, రాత్రి రెండుసార్లు లేచి ఫోన్‌లో నాన్నగారిని చూసుకుంటే గానీ నాకు స్థిమితంగా ఉండదు.

గత నెల నెట్ కంపెనీవాళ్లు లైన్ అప్‌గ్రేడ్ అంటూ కొత్త ఫైబర్ బాక్సు బిగించి వెళ్లారు. ఆ రోజు నుంచి ఇంట్లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, బయటి నుంచి కెమెరాలు మాత్రం తెరుచుకోవు. పదకొండు రోజులు కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేశాను. పన్నెండో రోజు తెల్లవారుజామున నాన్నగారు బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయారు. అమ్మ లేచి చూసేదాకా, గంటకు పైగా, చల్లటి గచ్చు మీదే ఉన్నారు. ఎముకలేవీ విరగలేదు, అంతవరకు దేవుడి దయ. కానీ ఆ గంట సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది.

ఆ సాయంత్రానికి తెనాలి చేరాను. ఫోన్ చార్జర్ కొనడానికి వీధి చివర సెల్ షాపుకి వెళ్లి, అక్కడే నిలబడి కస్టమర్ కేర్ వాళ్లతో అరుస్తున్నాను. అరుస్తూ అరుస్తూ ఏడ్చేశాను. పక్కన కేబుల్ కొనుక్కుంటున్న ఒకాయన, యాభై ఏళ్లుంటాయేమో, నా ఫోన్ అయ్యేదాకా ఆగి ఒక్క మాట అడిగారు. ‘ఏ పోర్టమ్మా?’

పోర్టు అంటే నెట్‌లో బయటి నుంచి లోపలికి రావడానికి ఉండే నంబరు తలుపు లాంటిదట. పదకొండు రోజుల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. రౌటర్ ఆపి ఆన్ చేశారా అని అడిగినవాళ్లే అందరూ.

ఆయన ఒక పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంట్. పేరు రాయొద్దన్నారు, రాయను. అప్పటికప్పుడు బండి మీద మా ఇంటికి వచ్చారు. గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపల నాన్నగారు పడుకుని ఉండటం చూసి, ముందు తన ఫోన్ సైలెంట్‌లో పెట్టుకున్నారు. లాప్‌టాప్ తెరిచి మా రౌటర్ పేజీలోకి వెళ్లారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్క్రీన్ నా వైపు తిప్పి నెమ్మదిగా చెప్పారు. మొదట్లో కెమెరాలు బిగించినవాళ్లు పని తొందరగా తెమలాలని డీవీఆర్‌ని డీఎంజెడ్‌లో పెట్టేశారట. అంటే బయటి నుంచి ఏ పోర్టు మీద ఎవరు తలుపు తట్టినా, అరవై అయిదు వేల తలుపుల్లో దేన్ని తట్టినా, తిన్నగా మా డీవీఆర్ దగ్గరికి పంపించేయమని. పాస్‌వర్డ్ చూస్తే ఫ్యాక్టరీలో ఇచ్చిన 12345. డీవీఆర్ లాగ్ తెరిచి చూపించారు. పేజీలకు పేజీలు, ఎవరివో తెలియని అడ్రసుల నుంచి లాగిన్ ప్రయత్నాలు. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ ఇలాగే ఫ్యాక్టరీ పాస్‌వర్డులతో ఇళ్లల్లో కెమెరాల్లోకీ, డీవీఆర్‌లలోకీ దూరిందని చెప్పారు. మూడేళ్లు ఎవరెవరు మా నాన్నగారి గదిలోకి తొంగి చూశారో. నాకు కాళ్లలో సత్తువ పోయింది.

‘పాత పద్ధతిలోనే మళ్లీ తెరిచేస్తే పది నిమిషాల పనమ్మా. కానీ నేను చెయ్యను’ అన్నారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను. లాప్‌టాప్ పక్కన పెట్టి నాన్నగారి మంచం దగ్గరికి వెళ్లి, ఆయన మొహం ఎదురుగా కనపడేలా నేల మీద గొంతుక్కూర్చున్నారు. ‘మాస్టారూ, ఈ కెమెరా సరిగ్గా మీ మంచం మీదికే ఉంది. ఇలాగే ఉంచమంటారా, పక్కకి తిప్పమంటారా?’ అని అడిగారు.

నాన్నగారి మాట ఇప్పుడు చాలా మెల్లగా వస్తుంది. పెదవి కదిలిన ఎంతసేపటికో గానీ శబ్దం రాదు. మేమందరం తొందరపడి ఆయన మాట మేమే పూర్తి చేసేస్తాం. ఈ అన్నయ్యగారు మాత్రం కదలకుండా అలాగే కూర్చున్నారు. అమ్మ ఏదో అనబోతే చేత్తో ఆగమన్నారు. చాలాసేపటికి నాన్నగారు అన్నారు, ‘బట్టలు... మార్చేటప్పుడు... వద్దు’ అని.

మూడేళ్లండీ. ఆయన కోసమే కెమెరా పెట్టాం, ఆయన కోసమే రాత్రుళ్లు లేచి చూశాను. ఒక్కసారి కూడా ఆయన్ని అడగలేదు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

వచ్చేసరికి అన్నయ్యగారు స్టూలెక్కి కెమెరా తిప్పుతున్నారు. మంచం పక్క నేల, గుమ్మం, బాత్రూమ్ దారి కనపడేలా. ‘పడితే కనపడాలమ్మా, పడుకుంటే కనపడక్కర్లేదు.’

ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లు ఇంకా ఉంటారని అసలు చిక్కు కూడా చెబుతున్నాను. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ అని ఒకటుంటుంది, నెట్ వైపు నుంచి మన రౌటర్‌కి వచ్చిన అడ్రసు అది. మాది చూస్తే 192.168తో మొదలైంది, అది ఇళ్ల లోపల వాడే అడ్రసు, అంటే మన రౌటర్ వెనక కంపెనీ బాక్సు ఇంకో రౌటర్‌లా కూర్చుంది. ఆ బాక్సులోకి వెళ్లి చూస్తే 100.72. వంద తర్వాత 64 నుంచి 127 లోపు ఏ అంకె ఉన్నా అది మన సొంత అడ్రసు కాదట, సీజీనాట్ అంటారట. ‘ఎన్నో ఇళ్లకి కలిపి ఒక్క అడ్రసు ఇచ్చారమ్మా. బయటి నుంచి వచ్చిన కబురు ఎవరింటికి పంపాలో వాళ్ల మెషీన్‌కే తెలియదు. మీరు ఇక్కడ ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు’ అన్నారు. కెమెరా కంపెనీవాళ్ల యాప్‌తో క్లౌడ్ మీదుగా చూద్దామంటే మా డీవీఆర్ పాత మోడల్, దానికి కలవదు.

పాత రకం (ఐపీవీ4) ఐపీ అడ్రసులు మన ఆసియా వైపు 2011లోనే ఆఖరి నిల్వకి వచ్చేశాయని కూడా ఆయనే చెప్పారు. సరే, అడ్రసులు లేవు, పంచి ఇస్తున్నారు, అర్థం చేసుకుంటాను. కానీ బాక్సు మార్చేటప్పుడు ఆ ఒక్క మాట నాకు చెప్పడానికి ఏమైంది? పదకొండు రోజుల్లో నాలుగు కంప్లయింట్లు పెట్టాను. నాలుగూ ‘పరిష్కరించాం’ అని మెసేజ్ పెట్టి మూసేశారు. మనిషి ఒక్కడు గుమ్మం తొక్కలేదు. సర్వీసు ఎలా ఉందో అయిదు స్టార్లలో చెప్పమని మాత్రం నాలుగుసార్లు అడిగారు. ముసలివాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాళ్లకి నెట్ అంటే సినిమాలు చూడటం కాదు, ఈ మాట ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు.

మర్నాడు ఆయన సగం రోజు పర్మిషన్ పెట్టి నాతో పాటు కంపెనీ లోకల్ ఆఫీసుకి వచ్చారు. స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని సొంత అడ్రసు, వ్యాపారాలకే ఇస్తాం అన్నారు అక్కడివాళ్లు. అన్నయ్యగారు గొంతు పెంచలేదు, కుర్చీలోంచి లేవనూ లేదు. రెండు గంటలు కూర్చున్నాక నెలనెలా అదనంగా కడితే ఇస్తామన్నారు. కడతానన్నాను.

ఆ రాత్రి కంపెనీ బాక్సుని, ఇంకో రౌటర్‌లా కాకుండా లైన్ మాత్రం అందించేలా, బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్చి, లాగిన్ వివరాలు మా రౌటర్‌లోనే కొట్టి, డీఎంజెడ్ తీసేశారు. డీవీఆర్‌కి ఎప్పుడూ మారని లోపలి అడ్రసు కేటాయించారు. పాత పోర్టులు 80, 554, 8000 అన్నీ మూసేశారు. మా రౌటర్‌లోనే ఉన్న వీపీఎన్, అంటే మనవాళ్లకి మాత్రమే తెరుచుకునే రహస్య దారి, ఆన్ చేసి, దానికోసం 1194 పోర్టు ఒక్కటి మాత్రం తెరిచారు. నా ఫోన్‌లో, చెల్లి ఫోన్‌లో తాళంచెవి లాంటి ఫైల్ పెట్టారు. ఆ ఫైల్ లేనివాళ్లకి ఇక లోపలికి దారి లేదు. ‘వైఫై ఆపేసి వీధి చివరిదాకా నడిచి, అక్కడి నుంచి చూడండమ్మా’ అన్నారు.

రాత్రి పదకొండున్నర. మూసేసిన సెల్ షాపు ముందు నిలబడి ఫోన్ తెరిచాను. మంచం పక్క నేల కనపడింది. నాన్నగారి చెప్పులు జతగా, కాలు కిందపెట్టగానే తగిలేలా తిప్పి పెట్టి ఉన్నాయి. మా ఇంట్లో ఎవరం అలా పెట్టం. అవి ఎవరు పెట్టారో నాకు తెలుసు.

మూడో రోజు పొద్దున్నే ఆరున్నరకి మళ్లీ వచ్చారు, పిలవకుండానే. ఆ రోజు నాన్నగారికి డాక్టరుగారితో వీడియో కాల్ ఉందని రాత్రి మాటల్లో విన్నారట. కిందటిసారి కాల్ ముక్కలు ముక్కలై డాక్టరుగారు వణుకు సరిగ్గా చూడలేకపోయారు. స్పీడ్ టెస్ట్ పెడితే అప్‌లోడ్ 38 వచ్చింది. ఎవరి డేటా ముందు వెళ్లాలో చెప్పే క్యూఓఎస్ సెట్టింగులో దాన్ని 34కి కట్టేసి, నాన్నగారి ట్యాబ్‌కి మొదటి వరస, డీవీఆర్‌కి రెండోది ఇచ్చారు. లైన్ అంచుదాకా నింపితే డేటా క్యూ మన రౌటర్ చేతిలోంచి పోతుందట, అందుకే కొంచెం తగ్గించి పెట్టాలట. మేడ మీద అద్దెకున్న అబ్బాయి కాలేజీ వీడియోలు పంపుకుంటున్నా కాల్ ఒక్కసారి కూడా తెగలేదు. మందు మోతాదు మారింది.

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా మాత్రం కాదనలేదు. సెట్టింగులన్నీ క్యాలెండర్ కాగితం వెనక గుండ్రటి తెలుగులో రాసి, బీరువా తలుపు లోపల అంటించి వెళ్లారు. అన్నయ్యగారూ, మీరిది చదువుతారో లేదో. మా నాన్నగారు నిన్న రెండుసార్లు మీ గురించి అడిగారు.

మా ఆయన, పిల్లలు, చెల్లి, మరిదిగారు అందరూ ఎప్పటిలాగే తోడున్నారు.

అయ్యో, సెల్ షాపు తమ్ముడిని మరిచిపోయాను, నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు, చార్జర్‌కి డబ్బులు మర్నాడు తీసుకున్నాడు. పడిపోయిన రోజు నాన్నగారిని లేపి కూర్చోబెట్టింది పాలు పోసే అబ్బాయి. రాత్రి ఆఖరి ఫోన్‌లో ‘మేడమ్, మీకు పబ్లిక్ ఐపీ లేదు, అది అడగండి’ అని నిజం చెప్పిన కస్టమర్ కేర్ అమ్మాయి, నీ పేరు వినపడలేదమ్మా.

ఇంకొకటి, ఆ స్టూలు మాది కాదు, ఎదురింటి పిన్నిగారిది. తిరిగి ఇవ్వకుండానే బయల్దేరి వచ్చేశాను. రేపు పొద్దున్న పాలబ్బాయి చేత పంపిస్తాను పిన్నిగారూ.