ఫిబ్రవరి వార్తాలేఖ: ఈసారి అగ్నిపర్వతాలు వద్దు, పసుపు కాగితం చాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం. 1928లో ఆ రోజునే సి.వి.రామన్ తన రామన్ ఎఫెక్ట్‌ను ప్రకటించారు. 1987 నుంచి దేశమంతటా ఆ రోజును జరుపుకుంటున్నాం. బళ్లలో ఆ రోజు ఏం కనిపిస్తుందో మీకు తెలియనిది కాదు. థర్మోకోల్ కొండ, దాని నోట్లో వంటసోడా, పైనుంచి వెనిగర్, బుసబుసమని నురుగు, చప్పట్లు. కొండ కట్టింది నాన్న, రంగులేసింది అమ్మ, పిల్లవాడి వంతుకు మిగిలింది వెనిగర్ పోయడం. నురుగు ఒక్క నిమిషంలో అయిపోతుంది, పిల్లవాడు అడగడానికి ప్రశ్న ఒక్కటీ మిగలదు. అందుకే ఒకటి నుంచి మూడో తరగతి వరకు ఈసారి కొండలు వద్దనుకున్నాం. ఒక్కో పిల్లా పిల్లవాడూ ఇంట్లో చేసిన ఒక పసుపు కాగితం తెస్తే చాలు. దీనికి కొనాల్సినది ఏమీ లేదు.

పసుపే ఎందుకంటే, అది చేసే పని పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. తెల్ల యూనిఫాం మీద పప్పో సాంబారో ఒలికితే, బట్టల సబ్బు రుద్దగానే ఆ మరక ఎర్రబడుతుంది. పెళ్లింట్లో కొత్త దంపతులకు దిష్టి తీసే ఎర్రనీళ్లలో ఉండేది పసుపూ సున్నమే. కాళ్లకు పెట్టే పారాణీ అంతే. పైగా మనకు దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే, ఈ రోజుల్లో మన పిల్లల్లో కొందరి ఇళ్ల ముందు కొమ్ములు ఎండుతూనే ఉంటాయి. రోజూ చూసేదాన్ని ఒకసారి ఆగి చూడమనడమే ఈ పని.

చేసే పద్ధతి ఇది. ఒక చెంచా పసుపులో రెండు మూడు చెంచాల నీళ్లు పోసి జారుగా కలపండి. తెల్ల డ్రాయింగ్ షీటు మీద దూదితో పల్చగా పూసి నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుంది. ఆరాక వేలెడు వెడల్పు ముక్కలుగా కత్తిరించండి. చిన్న గిన్నెల్లో నిమ్మరసం, చింతపండు నీళ్లు, పులిసిన మజ్జిగ, ఉప్పు నీళ్లు, పంచదార నీళ్లు, వంటసోడా కలిపిన నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు, కాస్త షాంపూ పెట్టుకోండి. గుడ్డు తినే ఇంట్లో అయితే పచ్చి తెల్లసొన కూడా. ఒక్కోదాంట్లో ఒక్కో ఇయర్‌బడ్ ముంచి ఒక్కో ముక్క మీద చుక్క పెట్టడమే. ఇయర్‌బడ్లు కలిసిపోకుండా చూడండి. సబ్బు నీళ్లలో ముంచిన దాన్నే ఉప్పు నీళ్లలో ముంచితే ఉప్పు నీళ్ల చుక్క కూడా ఎర్రబడి పిల్లలు తికమకపడతారు.

అసలు సంగతి చుక్క పెట్టకముందే ఉంది. ప్రతి గిన్నె దగ్గరా ఆగి, ‘ఇది పెడితే ఏమవుతుందనుకుంటున్నావ్?’ అని అడగండి. వాళ్లు చెప్పిందే కాగితం మీద రాయించండి. రాయడం రాని ఒకటో తరగతి పిల్లలు పసుపు లేదా ఎరుపు క్రేయాన్‌తో చుక్క పెడితే చాలు. ఆ తర్వాతే ఇయర్‌బడ్. జవాబు మీకు తెలుసు కాబట్టి నోరు ఊరుకోదు. ఆ ఒక్క పది నిమిషాలు మీరు ఏమీ చెప్పకుండా ఉండగలిగితే, ఈ ప్రయోగంలో కష్టమైన భాగం అయిపోయినట్టే.

నిమ్మరసం, చింతపండు, మజ్జిగ, ఉప్పు, పంచదార వేటికీ కాగితం రంగు మారదు. సబ్బు నీళ్లు తగలగానే ఎర్రగా మారుతుంది. అప్పుడు చాలామంది పిల్లలు తమంతట తామే ఒక సూత్రం కట్టేస్తారు: తినేవైతే పసుపు, కడిగేవైతే ఎరుపు. వెంటనే మెచ్చుకోకండి, కాదని కూడా అనకండి. షాంపూ గిన్నె ముందుకు జరపండి. షాంపూలు చాలావరకు పసుపును కదిలించవు. నురుగు వస్తుంది, కడుగుతుంది, అయినా కాగితం పసుపుగానే ఉంటుంది. తర్వాత వంటసోడా. అది బజ్జీల్లో వేసేదే, కానీ చుక్క నారింజ రంగులోకి తిరుగుతుంది. సబ్బంత ముదరదు కాబట్టి కాసేపు ఆగి, పక్కన పొడి ముక్క పెట్టి పోల్చి చూడాలి. తెల్లసొన కూడా కొంచెం అటువైపే మొగ్గుతుంది. గుడ్డు పాతబడేకొద్దీ తెల్లసొనలో క్షారగుణం, అంటే సబ్బు, సోడాల్లో ఉండే గుణం, పెరుగుతుంది. కట్టుకున్న సూత్రం రెండు వైపులా తెగిపోయినప్పుడు పిల్లల ముఖం చూడండి. కొందరు ఒప్పుకోరు, ‘ఈ షాంపూ మంచిది కాదు’ అంటారు. అననివ్వండి, ఇంకో షాంపూ ఇచ్చి చూడమనండి.

తర్వాత ఎర్రబడిన చుక్క మీదే నిమ్మరసం వేయించండి. మళ్లీ పసుపు వచ్చేస్తుంది. మీద సబ్బు వేస్తే మళ్లీ ఎరుపు. ఇక్కడి నుంచి పిల్లల్ని ఆపడం మీ వల్ల కాదు, కాబట్టి కాగితం ముక్కలు కాస్త ఎక్కువే కత్తిరించి పెట్టుకోండి.

మీరు తెలుసుకోవడానికి నాలుగు మాటలు. పసుపుకు ఆ రంగు ఇచ్చే పదార్థం కర్కుమిన్. క్షారం తగిలితే కర్కుమిన్ అణువు నుంచి హైడ్రోజన్ అయాన్ ఊడిపోతుంది. దాంతో అది పీల్చుకునే వెలుతురు మారి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. పులుపు ఆ హైడ్రోజన్‌ను తిరిగి ఇస్తుంది కాబట్టి పాత రంగు వచ్చేస్తుంది. ఇంట్లో కుంకుమ చేసే అమ్మమ్మలు, నాయనమ్మలు వెంటనే అడుగుతారు: మేం నిమ్మరసం పోసే కదా ఎర్రగా చేస్తాం అని. అక్కడ నిమ్మరసంతో పాటు వెలిగారం (బోరాక్స్) ఉంది. పులుపు సమక్షంలో వెలిగారంలోని బోరాన్ కర్కుమిన్‌తో కలిసి వేరే ఎర్ర పదార్థం అవుతుంది. చూడటానికి రెండూ ఎరుపే, జరిగేది వేరు. ఆమ్లం, క్షారం, సూచిక అనే మాటలు మాత్రం పిల్లల చేత ఇప్పుడే బట్టీ పట్టించకండి. అవి పై తరగతుల్లో ఎలాగూ వస్తాయి. రెండో తరగతి పిల్ల ‘పుల్లగా ఉన్నవి’, ‘చేతికి జారేవి’ అన్నా మాకు సరిపోతుంది.

ఒక చురుకైన పిల్ల ఇంకోటి అడగొచ్చు: నిమ్మరసానికీ ఉప్పు నీళ్లకీ కాగితం ఒకేలా ఉంది కదా, మరి రెండూ ఒకటేనా? మంచి ప్రశ్న. పసుపుతో ఆ తేడా తెలియదు. దానికి ఎర్ర మందారం కావాలి. పెద్దవాళ్లు నాలుగైదు పూల రెక్కలను వేడి నీళ్లలో వేసి, చల్లారాక ఆ నీళ్లు పిల్లలకు ఇవ్వండి. నిమ్మరసం వేస్తే ముదురు గులాబీ రంగు, సబ్బు నీళ్లు కలిపితే ఆకుపచ్చ. ఉప్పు నీళ్లకు పెద్ద మార్పు ఉండదు. పూల రసంతో ఇలా పరీక్షించవచ్చని 1664లోనే రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త రాశారు, ఆయన వాడింది వయొలెట్ పూలు. పెరట్లో మందారం లేనివాళ్లు పరుగులు పెట్టొద్దు, బడి గేటు పక్కన చెట్టుంది, ఆ ప్రయోగం మేమే చేసి చూపిస్తాం.

జాగ్రత్తల విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఎర్రనీళ్ల మాట విని పిల్లలు సున్నం అడుగుతారు. ఇవ్వకండి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పాన్ షాపుల్లో అమ్మే చిన్న సున్నం ప్యాకెట్లను పిల్లలు నొక్కితే అవి పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతాయి. పొరపాటున పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో చాలాసేపు కడిగి, కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, రేపు చూద్దామని ఆగకూడదు. బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఈ ఆట దాపుల్లోకి రాకూడదు. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. గిన్నెల్లో ఉన్నవి వంటింటివే అయినా ఏదీ రుచి చూడనివ్వకండి. పచ్చి గుడ్డు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి.

పాత బట్టలు వేసి కూర్చోబెట్టండి. మరకలు పడ్డా టెన్షన్ పడకండి, ఉతికి ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో చాలావరకు వెలిసిపోతాయి. కాగితం ఆరబెట్టేటప్పుడు ఎండ వద్దన్నదీ ఇందుకే.

ఫిబ్రవరి 28 ఉదయం పసుపు ముక్కలు అతికించిన కాగితం పిల్లలతో పంపండి. ల్యామినేషన్, గ్లిట్టర్, రంగు బార్డర్లు అక్కర్లేదు. దీనికి మార్కులు లేవు, ఫస్టు ప్రైజూ లేదు. మేం ముందుగా చూసేది వాళ్లు ఊహించి రాసిన వరస. అక్కడ తప్పులుంటే చెరిపి, దిద్ది పంపకండి. అన్నీ సరిగ్గా ఊహించిన కాగితం వస్తే అది ఎవరు రాశారో మా టీచర్లు ఇట్టే కనిపెట్టేస్తారు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి రాత్రికి చేరే ఇళ్లలో వీలు కాకపోతే డైరీలో ఒక మాట రాయండి. ఆ పిల్లలకు 27 మధ్యాహ్నం సైన్సు గదిలో మేమే చేయిస్తాం, గిన్నెలు, పసుపు మావే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు