బొమ్మతో పాటు కింది రాత కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం బరోక్ కాలపు (ఐరోపాలో సుమారు పదిహేడో శతాబ్దం) మతపండితుల మీద మీరు వేసిన వ్యాసం ఇష్టంగా చదివాను. బొమ్మలు చూసేసరికి మాత్రం ప్రాణం ఉసూరుమంది. అన్నిటినీ మెడ దాకా కత్తిరించి పాస్‌పోర్ట్ ఫొటోల్లా వేశారు.

నేను ముప్పై ఏళ్లు లెటర్‌ప్రెస్‌లో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేశాను. అక్షరాన్ని తిరగేసి చదవడం మాకు అలవాటు. ఆ కాలంలో ఇలాంటి బొమ్మలు అచ్చు వేయడానికి రాగిరేకు మీద చెక్కేవాళ్ల పనీ అంతే. ముఖం, పేరు, అడుగున లాటిన్ పద్యం, అన్నీ కుడిఎడమలు మార్చి చెక్కాలి. పద్యంలో ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఆ పద్యం కిందే సన్నగా రెండు పేర్లుంటాయి. పక్కన లాటిన్‌లో ‘పింక్సిట్’ అని ఉంటే రంగుల్లో బొమ్మ వేసినవాడు, ‘స్కల్ప్‌సిట్’ అని ఉంటే రేకు మీద చెక్కినవాడు. మీ కత్తిరింపులో ముందు పోయింది వాళ్లే.

అన్నిటికన్నా బాధ కలిగించింది ఆమ్‌స్టర్‌డామ్ మతబోధకుడు యాన్ కార్నెలిస్ సిల్వియస్ బొమ్మ. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1646లో చేసింది. (ఇది ముఖ్యంగా ఉలితో చెక్కింది కాదు, రేకు మీద సూదితో గీసి యాసిడ్‌తో కొరికించింది.) సిల్వియస్ రెంబ్రాంట్ భార్య సాస్కియా వైపు చుట్టం, 1638లోనే పోయారు. ఎనిమిదేళ్ల తర్వాత రెంబ్రాంట్ ఆయన్ను కోలగా ఉన్న చట్రంలో కూర్చోబెడితే, మనిషి అందులో ఇమడలేదు. ముందుకు వంగి, చెయ్యి చట్రం దాటి బయటికి చాచి ఏదో చెబుతున్నారు. ఆ చేతి నీడ చట్రం మీద పడుతోంది. ఆయన ఎక్కడెక్కడ బోధకుడిగా పనిచేశారో చుట్టూ లాటిన్‌లో రాసి ఉంది, కింద కవి బార్లియస్ పద్యం ఉంది. మీ పేజీలో ముఖం, గడ్డం మిగిలాయి. చెయ్యీ పోయింది, నీడా పోయింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం ఇలాంటివి పెద్ద సైజులో ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. కాబట్టి పూర్తి బొమ్మ దొరకలేదనడానికి లేదు. చోటు చాలకపోతే నాలుగు బొమ్మలకు బదులు ఒకటే వేయండి, అంచుల దాకా వేయండి.

ఇంకో మాట. జర్మనీలోని హాలె నగరంలో ఫ్రాంకే సంస్థల గ్రంథాలయం ఇలాంటి బొమ్మలను వేల సంఖ్యలో దాచింది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జె 1740ల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది కూడా ఆ ఊళ్లోనే. దాని మీద ఒక వ్యాసం రాయించండి. అందులో వేసే బొమ్మల కింద చెక్కినవాళ్ల పేర్లు చూడాలని ఉంది.

– ఒక పాత కంపోజిటర్, తెనాలి