మెరుపు ఫొటోకి డాబా ఎక్కక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి గాలివానలప్పుడు పాఠకులు పంపిన మెరుపుల ఫొటోలు మీ పత్రికలో చూస్తున్నాను. బాగుంటున్నాయి. కానీ చాలావాటిలో పిట్టగోడ, వాటర్ ట్యాంకు పైపులు కనిపిస్తున్నాయి. అంటే ఉరుముతుంటే డాబా మీద నిలబడి తీసినవన్నమాట. విజయవాడలో ఫొటో స్టూడియో నడుపుకునే నాకు అవి చూస్తే భయమేస్తోంది.

మెరిసినప్పుడు నొక్కాలనుకుంటారు చాలామంది. వేలు కదిలేలోపే మెరుపు అయిపోతుంది. చీకటి పడ్డాక కెమెరాని ట్రైపాడ్ మీద ఉంచి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 8, షటర్ 15 సెకన్లు తెరిచి ఉండేలా పెట్టాలి. ఆటో ఫోకస్ తీసేసి దూరపు లైటు ఏదైనా చూసి ఫోకస్ చేసుకోవాలి. మా ఇంటి నుంచి కృష్ణ అవతలి ఒడ్డున సెల్ టవర్ ఎర్ర లైటు కనిపిస్తుంది, నాకు అదే గురి. ఇక వరసగా దానంతటదే తీసుకుంటూ పోయేలా పెట్టేస్తే, షటర్ తెరిచి ఉండగా మెరిసిన మెరుపు పాయలు పాయలుగా ఫొటోలో దిగుతుంది. వీధిలైట్లకి ఫొటో తెల్లబారితే సెకన్లు తగ్గించాలి, అంతే. ఈ అంకెలు మనమే పెట్టుకునే ప్రో మోడ్ ఉన్న ఫోన్‌తోనూ ఇలాగే తీయొచ్చు.

ఇంత పని కెమెరాయే చేస్తుంటే మనిషి బయట ఎందుకు నిలబడాలి? మూసిన కిటికీ అద్దానికి లెన్స్ ఆనించి, గదిలో లైటు ఆర్పేయండి. లేకపోతే అద్దంలో మన గదే పడుతుంది. ఛార్జర్ పీకేసి, కిటికీకి దూరంగా వచ్చి కూర్చోండి. ఇనుప గ్రిల్ ముట్టుకోవద్దు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 3 సెకన్లైతే దాదాపు కిలోమీటరు దూరం. 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మన దాకా రావచ్చు. చివరి ఉరుము తర్వాత కూడా 30 నిమిషాలు లోపలే ఉండాలి. వాన వెలిసింది కదా అని అప్పుడే పైకి పరుగెత్తే కుర్రాళ్లని మా వీధిలోనే చూస్తున్నాను. వాన పడని చోటా పిడుగు పడుతుంది. ఉరిమితే చాలు, ‘అర్జునా, ఫల్గుణా’ అంటూ మా నాయనమ్మ పిల్లలందర్నీ లోపలికి లాక్కొచ్చేది. ఇప్పుడు ఫోన్లో దామిని యాప్ పిడుగు హెచ్చరికలు వస్తున్నా, అదే ఫోన్ పట్టుకుని మేడెక్కుతున్నారు.

నాదొక విన్నపం. ఆరుబయట నిలబడి తీసిన మెరుపు ఫొటోలు ఎంత గొప్పగా ఉన్నా వేయకండి. ఇంట్లోంచి తీసినవే అడిగి తెప్పించుకుని, కింద ఆ మాట, తీసిన ఊరు, సమయం వేయండి.

- ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్, విజయవాడ