ఓవెన్ ట్రిప్ అవుతోందని ఆర్‌సీసీబీని పీకేయించకండి

సంపాదకులు గారికి నమస్కారం,

మేం చెన్నైలో తిరువాన్మియూర్‌లో ఉంటాం, సముద్రం దగ్గరే. నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరింట్లో ఇదే గొడవ, ఓవెన్ ఆన్ చేయగానే ఇల్లంతా కరెంటు పోతుంది. కేకుల సీజన్ కదా అని ఏడాదంతా అటక మీద పడున్న ఓటీజీని, అంటే కేకులు చేసే కరెంటు ఓవెన్‌ని, కిందికి దించుతారు, బయట చూస్తే వారాల తరబడి వాన, గోడలు కూడా చెమ్మగిల్లి ఉంటాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఓవెన్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా ఇంటి స్విచ్‌లన్నీ ఉండే డీబీ బాక్స్ తెరిచి "ఈ ఆర్‌సీసీబీ ఇలాగే ఊరికే పడిపోతుందమ్మా, డైరెక్ట్ ఇచ్చేస్తాను" అంటాడు, అంటే లీకేజీ వస్తే కరెంటు ఆపేసే ఆ స్విచ్‌ని తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తానని. మా ఇంట్లోనూ అదే మాట అన్నాడు, నేను ఒప్పుకోలేదు. మా పక్కింట్లో మాత్రం చేసేశాడు, వాళ్ళింట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, అందుకే ఈ ఉత్తరం.

డీబీలో ఉండే స్విచ్‌లన్నీ ఒకటే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు, కాదు. ఎంసీబీ చూసేది లోడ్, షార్ట్ సర్క్యూట్ మాత్రమే, అంటే వైరు కాలిపోకుండా కాపాడేది అది. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది, తేడా వస్తే ఎక్కడో ఎర్త్‌లోకో మనిషి ఒంట్లోకో పోతోందని అర్థం కాబట్టి వెంటనే ఆపేస్తుంది. ఇళ్ళల్లో పెట్టేది మామూలుగా 30 మిల్లీ ఆంప్‌లది. 16 ఆంప్ ఎంసీబీ అంటే 16000 మిల్లీ ఆంప్‌లు, మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు, అంత కరెంటు ఒంట్లోంచి పోతున్నా ఎంసీబీకి తెలియనే తెలియదు. అలాంటప్పుడు ఆర్‌సీసీబీని డైరెక్ట్ చేయడమంటే ఏం చేస్తున్నట్టో ఆలోచించండి.

కాబట్టి ముందు చూడాల్సింది ఏది పడింది అని. ఓవెన్ పెట్టిన కాసేపటికి ఎంసీబీ పడితే చాలాసార్లు లోడ్ ఎక్కువవడమే. 2000 వాట్ల ఓటీజీ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంప్‌లు లాగుతుంది, అదే లైన్ మీద 1500 వాట్ల కెటిల్ కూడా పెడితే ఇంకో 6.5, మొత్తం 15 దాటిపోతుంది, 10 ఆంప్ ఎంసీబీ ఎలా ఆగుతుంది? దానికి పెద్ద ఎంసీబీ వేసేస్తే మాత్రం లోపల సన్న వైరు వేడెక్కి కాలుతుంది. ఓవెన్‌ని 16 ఆంప్ పవర్ ప్లగ్‌లోనే పెట్టాలి, ఆ ప్లగ్‌కి విడిగా లైన్ ఉండాలి, మల్టీప్లగ్ బాక్సుల్లో అసలు పెట్టకూడదు.

ఆర్‌సీసీబీ పడితే మాత్రం లీకేజీ. ఓవెన్‌లో కడ్డీలా కనిపించే ఎలిమెంట్ లోపల వేడెక్కే తీగ ఉంటుంది, ఆ తీగకీ పైనున్న లోహపు గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. ఆ పొడి తేమ పీల్చుకుంటుంది, వాడకుండా నెలల తరబడి పక్కన పెడితే ఇంకా ఎక్కువ, అందులోనూ మా సముద్రపు గాలికి చెప్పక్కర్లేదు. తేమ చేరితే కరెంటు కొద్దికొద్దిగా గొట్టంలోకి, అక్కణ్ణుంచి ఓవెన్ బాడీలోకి, ఎర్త్‌లోకి పోతుంది. ఒక విచిత్రం ఏంటంటే కొన్నిసార్లు సాకెట్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్ పెట్టి ఉంటే చాలు పడిపోతుంది, ఎందుకంటే ఆ స్విచ్ ఫేజ్‌ని మాత్రమే ఆపుతుంది, న్యూట్రల్ తగిలే ఉంటుంది. ప్లగ్ పూర్తిగా పీకేశాక ఆర్‌సీసీబీ నిలబడిందంటే తప్పు ఓవెన్‌దే అని దాదాపు తేలిపోయినట్టే. పీకేసినా పడుతోందంటే ఇంటి వైరింగ్‌లోనో వేరే వస్తువులోనో వెతకాలి.

మేం తర్వాత వేరే ఆయన్ని పిలిచాం, వయసులో పెద్దాయన, చేతిలో మెగ్గర్ తెచ్చాడు, కరెంటు ఎక్కడైనా లీకవుతోందేమో కొలిచే మీటర్ అది. ఓవెన్ ప్లగ్ తీసేసి, వెనక రేకు విప్పి, రెండు ఎలిమెంట్ల వైర్లూ ఊడదీసి ఒక్కోదాన్నీ బాడీకి పెట్టి 500 వోల్టుల మీద కొలిచాడు. పైది బానే ఉంది, కింది దానికి రీడింగ్ ఒక మెగోమ్‌కి చాలా కింద చూపించింది, అంటే లీకేజీ అక్కడే. టార్చ్ వేసి చూపిస్తే బెల్లం పాకం కారి మాడిపోయిన చోట కడ్డీ మీద వెంట్రుకంత సన్న పగులు. ఉత్త తేమే అయితే ఆరబెడితే సరిపోయేదని, పగిలింది కాబట్టి మార్చాల్సిందేనని చెప్పాడు, ఎలిమెంట్ మార్చాక ఆర్‌సీసీబీ పడలేదు. ఈ మెగ్గర్ పని ఇంట్లోవాళ్ళు చేసేది కాదు, తెలిసినవాళ్ళతోనే చేయించాలి. ఎర్త్ పిన్ విరగ్గొట్టి రెండు పిన్నుల ప్లగ్‌తో నడిపేవాళ్ళని కూడా చూశాను, ఎర్త్ లేకపోతే ఓవెన్ బాడీయే కరెంటుతో నిలబడి ఉంటుంది, ముట్టుకున్నాకే ఆర్‌సీసీబీ పడుతుంది, దాన్నీ డైరెక్ట్ చేసేసి ఉంటే ఏమవుతుందో తలచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది.

లీకేజీ నుంచి రక్షణ ఉండాలని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో తెచ్చిన రెగ్యులేషన్స్‌లోనే చెప్పింది. అయినా మా అపార్ట్‌మెంట్లో ఆర్‌సీసీబీ మీద ఉండే "టీ" అని రాసిన టెస్ట్ బటన్ ఎప్పుడైనా నొక్కారా అని అడిగితే చాలామందికి అదేంటో కూడా తెలీదు. అది నొక్కితే వెంటనే పడాలి, పడకపోతే మార్పించుకోవాలి. అయ్యా, డిసెంబర్ వచ్చేలోపు మీ పేపర్లో ఆ బటన్ ఫోటోతో ఒక అర పేజీ వేయండి, ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మీ పేపరే చదువుతారు, ఎలక్ట్రీషియన్ డైరెక్ట్ చేసేస్తానంటే వద్దని చెప్పడానికి వాళ్ళకి ధైర్యం వస్తుంది. మా పక్కింటివాళ్ళకి నేనే వెళ్ళి చెప్పాను, ఈ ఆదివారం మళ్ళీ పెట్టించుకుంటామన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తిరువాన్మియూర్, చెన్నై